కాలవ కింద సామెతలు

మూడు కళ్లుంటాయి, శివుడు కాదు. కడుపు నిండా నీళ్లుంటాయి, కుండ కాదు. ఈ పొడుపు కథ విప్పలేని పిల్లలు కోనసీమలో ఉండరు; పెరట్లోకి వచ్చి తలెత్తితే జవాబు కనిపిస్తుంది. మారిషస్‌లో ఆ కొబ్బరికాయనే ఇంకోలా అడుగుతారు: ‘వేలాడే నీళ్లేమిటి?’ దాని జోడు ప్రశ్న ‘నిలబడ్డ నీళ్లేమిటి?’ దానికి జవాబు చెరకుగడ. అడిగేవాళ్లు ముందుగా ‘సిరాండాన్’ అని కేకెయ్యాలి, వినేవాళ్లు ‘సాంపెక్’ అని బదులివ్వాలి, అప్పుడే ఆట మొదలు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల మధ్య ఆ దీవిలో పెరిగిన విద్య అది. షార్ల్ బైసాక్ 1888లో అచ్చు వేయించిన మారిషస్ జానపద సంపుటిలో ఇలాంటివి బోలెడు.

ఆ దీవికీ గోదావరి డెల్టాకీ పాత చుట్టరికమే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి ఒప్పందం రాయించుకుని, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లను ఓడలెక్కించారు. అక్కడి తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు ఆ రేవు వల్ల వచ్చిందే. ఉగాది ఇవాళ్టికీ మారిషస్‌లో ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. అయితే ఎక్కువ ఇళ్లలో మాట్లాడుకునేది క్రియోల్. పండగకు క్యాలెండర్లో ఓ తేదీ చాలు, సామెతకు రోజూ నోట్లో నానే భాష కావాలి.

మరి ఇక్కడ డెల్టాలో, మా మండపేటలో భాషకేం లోటు? ‘ఆయ్’, ‘అండి’ లేకుండా మాట ముగియని సీమ ఇది. దగ్గర్లోని పసలపూడి పేరుతో వంశీ రాసిన కథలు రాష్ట్రమంతా చదివించుకున్నది ఈ పలుకుబడి బలంతోనే. అయినా ఇంటర్ చదివే కుర్రాడి మాటల్లో సామెత తగ్గిపోతోందని పెద్దవాళ్లు గొణుగుతూనే ఉంటారు. తప్పు కుర్రాళ్లదే అనెయ్యడం తేలిక. నిజానికి జారిపోయింది సామెతను పుట్టించిన పని. కుప్ప నూర్పిడి యంత్రం చేతికి వెళ్లింది. కార్తెలు చూసి కాకుండా, ధవళేశ్వరం నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో చూసి సార్వాకు ఆకుమళ్లు పోస్తారు. ‘రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయి’ అంటే ఎండ సంగతని పిల్లలకు అర్థమవుతుంది గానీ, రోలెక్కడుంది?

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతనే తీసుకుందాం. ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో వస్తుంది. అప్పటి దాకా ఆగి చూడు, వాన పడకపోతే సామాను గంపలో సర్దుకుని ఊరొదిలి పో అని దాని భావం. ఊరి పక్కనే నిండు కాలవ పారుతుంటే ఈ మాట మనకెందుకు తాతయ్యా అని మనవడు అడిగితే, అది బుద్ధిమంతుడి ప్రశ్నే. అవి మెట్ట రైతుల మాటలే అని దాటవేస్తే అక్కడితో సామెత పని అయిపోతుంది.

దాటవెయ్యక్కర్లేదు. ఈ డెల్టా కూడా ఒకప్పుడు గంప ఎత్తింది. 1830లలో కరువులు వరసగా వచ్చాయి, 1839లో ఉప్పెన కోరంగిని ముంచేసింది. 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లలో ఎందరో వలస పోయారు. కోరంగిలో ఓడలెక్కిన జనం వెనక ఉన్నదీ ఆ కాలమే. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే ఈ నేల అన్నం గిన్నె అయింది. ఇంత కథ విన్నాక ఆ నాలుగు ముక్కల సామెత మనవడికి మెట్ట సంగతిలా వినిపించదు, సొంత ఊరి చరిత్రలా వినిపిస్తుంది. సామెతను పిల్లలకు అందించడమంటే ఈ పనే. అర్థం రాసి రెండు మార్కులు వెయ్యడం దీని ముందు చాలా చిన్న పని.

ఇప్పటికీ పదును తగ్గనివీ ఉన్నాయి. ‘రైతు లెక్క చూస్తే నాగలి కూడా మిగలదు’ అన్నదాన్ని కోనసీమ రైతులు 2011లో చేతల్లో చూపించారు. ఖర్చులు, గిట్టని ధర, పారని మురుగు కాలవలు అన్నీ కలిపి లెక్క చూసుకుని, ఆ సార్వాలో పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. అప్పుడు బడికి వెళ్తున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ సామెత వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

సామెతలను పోగుచేసినవాళ్లకు మనం నిజంగా రుణపడి ఉన్నాం. కెప్టెన్ కార్ ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ను 1868లో మద్రాసులో అచ్చు వేయించాడు. ఈ గోదావరి సీమవాడే అయిన నేదునూరి గంగాధరం పల్లెపాటల కోసం ఊళ్లు తిరుగుతూ వ్యవసాయ సామెతలను వేరే పుస్తకంగా కూర్చారు. అలాంటి పుస్తకాలను తిరగేసే కుర్రకారుకు ఇంకో సంగతీ తగులుతుంది. కులాన్ని ఎత్తిపొడిచేవి, ఆడవాళ్లను చులకన చేసేవి, కుంటి గుడ్డి అని వెక్కిరించేవి వాటిలో కొల్లలు. పెద్దల మాట కదా అని అవి కూడా నెత్తిన పెట్టుకోవాలా? అక్కర్లేదు. 2022లో ఏర్పడి అంబేద్కర్ పేరు పెట్టుకున్న కోనసీమ జిల్లాలో పెరిగే అమ్మాయి కులం సామెతను మళ్లీ పలకనంటే, ఆ కాదనడంలోనే పెద్దరికం ఉంది. అలాంటివి పుస్తకంలో చరిత్రకు సాక్ష్యంగా ఉంటే చాలు, నోటికి ఎక్కించుకోనక్కర్లేదు.

ఇక నిలుపుకోదగ్గ సామెతల సంగతి. ఆఫ్రికాలో సామెత బతకడానికి నోరొక్కటే దారి కాలేదు. ఘనాలో అకాన్ జనం బంగారు పొడిని తూచడానికి ఇత్తడి తూనికరాళ్లు పోత పోసేవారు. పక్షి, మొసలి, మనిషి ఇలా రకరకాల బొమ్మలు. చాలా బొమ్మల వెనక ఓ సామెత ఉండేది. బేరం జరుగుతుంటే అరచేతిలో సామెత ఉన్నట్టే. కెన్యా, టాంజానియా తీరంలో ఆడవాళ్లు చుట్టుకునే కాంగా వస్త్రానికి అంచున స్వాహిలీలో ఓ వాక్యం అచ్చేసి ఉంటుంది, తరచూ అది సామెతే. పొరుగింటావిడ మీద కోపమొస్తే గొంతు పెంచక్కర్లేదు, తగిన కాంగా కట్టుకుని ఆవిడ గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్తే సరి. మండపేట సంతలో ఇలాంటి చీర దొరికితే ఎన్ని అమ్ముడవుతాయో ఊహించడం కష్టం కాదు.

మన కుర్రాళ్లూ తమ కాంగాను తాము వెతుక్కున్నారు. సినిమా హాస్యనటుడి మొహం కింద సామెత రాసి వాట్సాప్‌లో వదులుతున్నారు. ఫోన్లో ఎక్కడ నొక్కాలో మామ్మకు చూపించబోతే, ఆవిడ అప్పటికే కువైట్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడుతుంటుంది. ‘తాతకు దగ్గులు నేర్పుతున్నావురా’ అని పక్కనున్న చెల్లెలు అంటించే చురకకు ఏ పాఠ్యపుస్తకమూ అవసరం రాలేదు.