చెరువు నీళ్ళు అన్ని కాలాల్లో ఒకటి కావు

వేసవి సెలవులు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. పిల్లలు ఇంట్లో ఉంటారా?

"అమ్మా, చెరువుకు పోయొస్తాం" అంటారు.

"వద్దురా నాయనా" అంటుంది అమ్మ.

"పోనీలేమ్మా, మా చిన్నప్పుడు మేం ఈత కొట్టలేదా?" అంటాడు తాత.

ఇద్దరి మాటా నిజమే. ఈత మంచిదే. చెరువుతో ప్రమాదం ఉన్న మాటా నిజమే. మరి ఏం చేయాల? ముందు చెరువును తెలుసుకోవాల. కాలాన్నిబట్టి చెరువు మారుతుంది. నీళ్ళ వేడి మారుతుంది. లోతు మారుతుంది. అడుగు కూడా మారుతుంది.

పెద్ద చెరువు అంటే కంభం చెరువే

మన చంద్రశేఖరపురం చుట్టుపక్కల కుంటలు, వాగులు ఉన్నాయి. భైరవకోనలో కొండ మీద నుంచి దూకే నీళ్ళున్నాయి. కానీ పెద్ద చెరువు అనగానే అందరికీ గుర్తొచ్చేది మనకు ఉత్తరాన ఉన్న కంభం చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది. కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మ నీళ్ళు ఆపారు. కట్ట ఎత్తు 57 అడుగులు. నిండితే చెరువు పొడవు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది. 2020లో దీన్ని ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తించారు.

ఇంత పెద్ద చెరువు కూడా కరువు వస్తే ఎండిపోయి అడుగు కనిపిస్తుంది. వానలు పడితే సముద్రంలా ఉంటుంది. పోయిన ఏడు మోకాటి లోతు ఉన్న చోట ఈ ఏడు రెండు నిలువుల లోతు ఉండొచ్చు.

నీళ్ళు ఎలా వేడెక్కుతాయి?

ఎండలో పెట్టిన పారను ముట్టుకోండి. చెయ్యి చుర్రుమంటుంది. పక్కనే తొట్టిలో నీళ్ళు ముట్టుకోండి. గోరువెచ్చగానే ఉంటాయి. ఎందుకని? నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి. నిదానంగానే చల్లారతాయి. పొడి మట్టిని వేడిచేయడానికి పట్టే వేడికి సుమారు ఐదు రెట్లు వేడి అంతే బరువున్న నీళ్ళకు కావాల.

ఇంకో సంగతి. వేడి నీళ్ళు తేలిక. చల్లటి నీళ్ళు బరువు. అందుకే ఎండకు కాగిన నీళ్ళు పైన తేలతాయి. చల్లటి నీళ్ళు అడుగున ఉంటాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. చెరువు సంగతి సగం తెలిసినట్టే.

ఎండాకాలం

పైనీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి. దిగితే హాయిగా ఉంటుంది. కానీ కట్ట దగ్గర, లోతున్న చోట, అడుగు నీళ్ళు చల్లగా ఉంటాయి. ఎండలో కాగిన ఒంటితో ఒక్కసారిగా దూకితే ఆ చల్లదనం తగులుతుంది. మనకు తెలియకుండానే ఊపిరి ఎగబీలుస్తాం. అప్పుడు నోరు నీళ్ళలో ఉంటే? నీళ్ళే లోపలికి పోతాయి. దిగుడుబావిలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి దూకొద్దు. ముందు కాళ్ళు, చేతులు, ముఖం తడుపుకోండి. మెల్లగా దిగండి.

ఎండాకాలంలో నీళ్ళు తగ్గుతాయి. బురద పైకొస్తుంది. గట్టిగా కనిపించిన చోట కాలు దిగబడుతుంది. బర్రెలు పడుకునే నిలవ నీటిలో మురికి, క్రిములు ఎక్కువ. అలాంటి చోట మునగొద్దు. ముక్కులోకి నీళ్ళు పోనీయొద్దు. వెచ్చటి నిలవ నీటిలో ఉండే ఒకరకం అమీబా ముక్కు గుండా మెదడుకు చేరితే ప్రాణం పోతుంది. ఇది చాలా అరుదు. అయినా 2024లో, 2025లో కేరళలో దీనివల్ల కొందరు చనిపోయారు.

వానాకాలం

అన్నిటికంటే ప్రమాదమైన కాలం ఇదే. ఏరు పొంగి చెరువులోకి వస్తుంది. నీళ్ళు ఎర్రగా ఉంటాయి. అడుగు కనిపించదు. ఎండాకాలంలో మట్టి తవ్విన గుంతలు ఇప్పుడు నీళ్ళ కింద ఉంటాయి. ఒక అడుగు వేస్తే మొలలోతు. ఇంకో అడుగు వేస్తే మనిషి మునిగేంత లోతు. పోయిన వేసవిలో ఆడుకున్న చోటే కదా అని పిల్లలు దిగుతారు. చెరువు మారిందని వాళ్ళకు తెలియదు.

తూము తీసినప్పుడు దాని దగ్గర నీళ్ళు లోపలికి లాగుతాయి. అలుగు పారేటప్పుడు మోకాటి లోతు నీళ్ళయినా మనిషిని పడదోస్తాయి. ఈ రెండు చోట్లకూ గజ ఈతగాడు కూడా పోకూడదు.

చలికాలం

రాత్రిళ్ళు పైనీళ్ళు చల్లారతాయి. బరువెక్కి కిందికి దిగుతాయి. కింది నీళ్ళు పైకొస్తాయి. అలా కలిసి కలిసి చెరువంతా ఇంచుమించు ఒకే చల్లదనానికి వస్తుంది. తెల్లవారుజామున నీళ్ళ మీద ఆవిరి లేస్తుంది. గాలికంటే నీళ్ళే వెచ్చగా అనిపిస్తాయి. అది చూసి మోసపోవద్దు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. నీళ్ళు అంతకంటే బాగా చల్లన. పైగా గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా నీళ్ళు ఒంటి వేడిని లాగేస్తాయి. ఎక్కువసేపు ఉంటే వణుకు పుడుతుంది. పిక్కలు పట్టేస్తాయి. చేతులు ఆడవు.

కార్తీక స్నానాలు వచ్చేది చెరువులు నిండుగా ఉన్నప్పుడే. చీకటితో పోయి మునుగుతారు. ఒంటరిగా పోవద్దు. మెట్టు దాటి దిగొద్దు. ముసలివాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు చెంబుతో పోసుకుంటే చాలు. పుణ్యం తగ్గదు.

ఈత నేర్పుదాం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. అందులో పిల్లలు చాలామంది. వద్దు అని కొట్టి ఆపితే పిల్లలు చాటుగా పోతారు. అదే ఇంకా ప్రమాదం. ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఈత నేర్పాల. ఆడపిల్లలకు కూడా నేర్పాల. బిందె ముంచడానికి, బట్టలు ఉతకడానికి నీళ్ళ దగ్గరకు పోయేది వాళ్ళే కదా. నడుముకు మునగ బెండ్లో, మూత బిగించిన ఖాళీ డబ్బానో కట్టాల. మొలలోతులో నేర్పాల. తెలిసిన పెద్దవాళ్ళు పక్కన ఉండాల.

ఎవరైనా మునుగుతుంటే

ఈత సరిగా రానివాళ్ళు దూకొద్దు. మునిగేవాడు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. గట్టిగా అరవండి. మోకు, చీర, పొడవాటి కర్ర, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది అందించండి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయొద్దు. పొట్ట నొక్కి నీళ్ళు కక్కించొద్దు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టండి. తల కొంచెం వెనక్కి వంచండి. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి. తర్వాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి. రెండుసార్లు ఊదండి. ఇలా ఆపకుండా చేస్తూనే ఉండండి. ఒకరు ఈ పని చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాల.

తాత చెప్పింది నిజమే, ఆయన ఈదాడు. కానీ ఆయనకు ఆ చెరువు తెలుసు. మన పిల్లలకు కూడా తెలియజెప్పాల.

మాట్లాడుకుందాం

1. మన ఊరి చెరువులో లోతైన గుంతలు ఎక్కడున్నాయి? అక్కడ గుర్తుగా కర్రలు ఎవరు పాతాల?
2. కట్ట మీద ఒక మోకు, రెండు ఖాళీ డబ్బాలు ఎప్పుడూ ఉండాలంటే ఏం చేయాల?
3. మీ ఇంట్లో ఈత రానివాళ్ళు ఎంతమంది? వాళ్ళకు ఎవరు నేర్పుతారు?