నరకపాలకులు ఉన్నారా? అంధకుల పూర్వపక్షం

ప్రాచీన ఈజిప్టు మతంలో ఒసిరిస్, అనూబిస్ వంటి ప్రసిద్ధ దేవతల వెనుక పరలోకపు చిన్న దేవతలు ఎందరో ఉన్నారు. ‘మృతుల గ్రంథం’ అని నేడు వ్యవహరించే మంత్రసంకలనంలోని 144వ ప్రకరణం పరలోకమార్గంలో ఏడు ద్వారాలను చెబుతుంది. ప్రతి ద్వారం వద్ద ద్వారపాలకుడు, కావలివాడు, రాకను ప్రకటించేవాడు అని ముగ్గురుంటారు. 125వ ప్రకరణంలోని తీర్పుసభలో 42 మంది విచారకులు కొలువుంటారు. మృతుడు ప్రతి ఒక్కరినీ పేరుతో సంబోధించి, ఫలానా పాపం తాను చేయలేదని విన్నవించుకోవాలి. సత్ప్రవర్తనతోపాటు ఆ దేవతల నామజ్ఞానం కూడా అతనికి రక్షణయే.

బౌద్ధంలోనూ ఇటువంటి పరలోకోద్యోగులున్నారు. మజ్ఝిమనికాయంలోని దేవదూతసుత్తంలో నరకపాలకులు పాపిని యముని ఎదుట నిలుపుతారు. శిశువు, వృద్ధుడు, రోగి, దండితుడైన నేరస్థుడు, శవం అనే ఐదుగురు దేవదూతలను లోకంలో చూడలేదా అని యముడు అడుగుతాడు. ఆ కర్మ తల్లిదండ్రులో బంధుమిత్రులో చేసినది కాదు, నీవే చేసితివి అని చెప్పి మౌనం వహిస్తాడు. పిమ్మట పాపిని శిక్షించేవారు నరకపాలకులే.

మరి కర్మయే ఫలమిచ్చునప్పుడు ఈ భటులెందుకు? ఈ ప్రశ్నను కథావత్థు 20వ వర్గం చర్చించింది. నరకపాలకులు లేరనీ, నరకకర్మలే ఆ రూపంలో బాధిస్తాయనీ పూర్వపక్షం. మూలగ్రంథం వాదుల పేరు చెప్పదు. వారు అంధకులని అట్ఠకథ తెలుపుతుంది. పూర్వశైలీయ, అపరశైలీయ, రాజగిరిక, సిద్ధార్థిక శాఖలను అది అంధకులుగా పరిగణిస్తుంది. ఇవి ఆంధ్రదేశంతో ముడిపడిన శాఖలని చరిత్రకారుల అభిప్రాయం. మనుష్యలోకంలో శిక్షలూ, వాటిని అమలుపరచేవారూ ఉన్నట్లే నరకంలోనూ ఉంటారని థేరవాదుల సమాధానం.

ఇదే ప్రశ్నను వసుబంధువు వింశతికలో వేరొక మార్గాన చేపట్టాడు. నరకపాలకులు అక్కడి ప్రాణులే అయితే వారూ ఆ యాతన అనుభవించాలి. మండుచున్న లోహభూమిపై తామే నిలువలేనివారు ఇతరులనెట్లు హింసిస్తారు? కనుక వారు పాపుల కర్మవశాన తోచే ఆభాసలే అని ఆయన సిద్ధాంతం.

ఆ గ్రంథాన్ని 661లో చైనా భాషలోకి అనువదించిన హ్యూయన్‌త్సాంగ్, అంతకు రెండు దశాబ్దాల ముందు కళింగం నుండి దక్షిణకోసలానికీ, అచటినుండి ఆంధ్రానికీ, ధాన్యకటకానికీ ప్రయాణించాడు. నేటి రాయ్‌పూర్, సిర్పూర్‌లు ఆ కోసలంలోనివే. ధాన్యకటకానికి తూర్పు పడమరల కొండలపై పూర్వశైల, అవరశైల విహారాలు అప్పటికే భిక్షువులు లేక నిర్జనమైనట్లు ఆయన వ్రాశాడు.

విహారాలు నిర్జనమైనా ప్రశ్న మిగిలింది. నరకపాలకుడు ప్రాణియా, కర్మచ్ఛాయయా అన్నదానిపై థేరవాదులు, అంధకులు విభేదించారు. కానీ ఈజిప్టు మృతునివలె అతని పేరు తెలిసి పలికినంత మాత్రాన దారి లభించదన్న విషయంలో ఇరువురూ ఏకాభిప్రాయులే.