లైబ్రరీ స్వేచ్ఛ – ప్రోగ్రాము స్వేచ్ఛ

ఇల్లు కట్టదలచినవాడు ఇటుకలను తానే కాల్చుకొనడు. తలుపులను తానే చెక్కుకొనడు. సిద్ధముగా నున్నవానిని తెచ్చి అమర్చుకొనును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారును అట్లే చేయుదురు. తెరపై బటన్లను, మెనూలను చూపుట వంటి పనులు దాదాపు ప్రతి ప్రోగ్రామునకును కావలసినవే. అట్టి పనులు చేయు భాగములను ఒకసారి వ్రాసి యుంచినచో అనేక ప్రోగ్రాములు వానిని వాడుకొనవచ్చును. ఈ భాగముల సముదాయమునకే లైబ్రరీ అని పేరు.

అయితే ఇటుకకును లైబ్రరీకిని ఒక భేదము గలదు. కొన్న ఇటుక కొన్నవాని సొంతము. లైబ్రరీకి మాత్రము యజమాని విధించిన లైసెన్సు షరతులు వర్తించును. అందు తప్పు కనిపించినను, దానిని దిద్ది ఇతరులకు పంచుటకు వీలు లేకపోవచ్చును. యజమాని ధర పెంచినను, వ్యాపారము మానినను, దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నియు చిక్కున పడును.

ఇందుకు క్యూటీ అను లైబ్రరీ చరిత్రయే నిదర్శనము. దీనిని నార్వేలోని ట్రోల్‌టెక్ కంపెనీ తయారుచేసినది. 1996లో జర్మనీలో మథియాస్ ఎట్రిక్ కేడీఈ అను పథకమును ప్రారంభించి, దానికి క్యూటీని ఆధారముగా గైకొనెను. యూనిక్స్ తరహా కంప్యూటర్లను సామాన్యులు తేలికగా వాడునట్లు చేయుట ఆ పథకము ఉద్దేశము. కేడీఈని ఎవరైనను మార్చి పంచుకొనవచ్చును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్రాయువారికి క్యూటీ ఉచితముగనే లభించెడిది. కాని దానిని మార్చి పంచుటకు ఆనాటి లైసెన్సు ఒప్పుకొనలేదు. మేడ అందరిది, పునాది ఒకరిది! ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు అని దీనివలన తెలియుచున్నది.

విరుగుడుగా రెండు ప్రయత్నములు జరిగినవి. క్యూటీ చేయు పనులనే చేయు స్వేచ్ఛా లైబ్రరీని వ్రాయుటకు కొందరు పూనుకొనిరి. దాని పేరు హార్మొనీ. మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా అను మెక్సికో దేశీయులు 1997లో గ్నోమ్ పథకమును ప్రారంభించి, జీటీకే అను స్వేచ్ఛా లైబ్రరీని వాడిరి.

1998లో ట్రోల్‌టెక్, కేడీఈ వారు ఒప్పందము చేసుకొనిరి. క్యూటీ స్వేచ్ఛా కూర్పులు ఆగిపోయినచో, దానిని అందరికిని విడుదల చేయు హక్కు ఇరుపక్షముల వారును గల ఒక సంస్థకు లభించెను. 2000లో యూనిక్స్ క్యూటీ గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద వెలువడినది. హార్మొనీ పూర్తి కాకుండగనే దాని అవసరము తీరినది. 2008లో ట్రోల్‌టెక్‌ను నోకియా కొన్నను, 2012లో క్యూటీ డిజియా చేతికి పోయినను, కేడీఈ పునాది కదలలేదు.

వేరు దారి యున్నవాడు షరతులను గూర్చి మాటాడగలడు. లేనివాడు తల యొగ్గవలసినదే. అందుచేత స్వేచ్ఛా ప్రత్యామ్నాయము దానిని వాడువారికే గాక, వాడనివారికిని మేలు చేయును.