మీట నొక్కితే ప్రాసెసర్‌కు ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్‌లో వీడియో నడుస్తుండగా కీబోర్డు మీద ఒక మీట నొక్కారు. ప్రాసెసర్ వేరే పనిలో మునిగి ఉంది కదా, దానికెలా తెలుస్తుంది?

‘ఇంటరప్ట్’ అనే సంకేతం దాని పనికి అడ్డొస్తుంది. వెంట 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య ఉంటుంది. ప్రాసెసర్ తానెక్కడ ఆగిందో మెమరీలోని స్టాక్‌లో దాచుకుని, ఒక పట్టికలో ఆ సంఖ్య ఉన్న వరుసను చూస్తుంది. అక్కడున్న చిరునామాకు వెళ్లి, అక్కడి ప్రోగ్రామ్‌ను నడిపి, మళ్లీ పాత పనికి వస్తుంది. పుస్తకం చదువుతూ తలుపు చప్పుడైతే పేజీలో గుర్తు పెట్టి లేస్తామే, అలాగన్నమాట!

1978లో వచ్చిన ఇంటెల్ 8086లో ఈ పట్టిక మెమరీ మొదట్లోనే, 1024 బైట్లలో ఉండేది. ఏ ప్రోగ్రామైనా దాన్ని చెరిపేయగలిగేది. చాలా ప్రమాదం! అందుకే 1982 నాటి 80286లో ‘ఇంటరప్ట్ డిస్క్రిప్టర్ టేబుల్’ తెచ్చారు. అది మెమరీలో ఎక్కడుందో, ఎంత పొడవుందో ప్రాసెసర్‌లోని ప్రత్యేక రిజిస్టర్ గుర్తుంచుకుంటుంది. ఒక వరుసను మామూలు ప్రోగ్రాములు సొంతంగా పిలవవచ్చో లేదో కూడా పట్టికలోని ఆ వరుసలోనే రాసి ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే.

మొదటి 32 సంఖ్యలను ప్రాసెసర్ తన అవసరాలకే ఉంచుకుంది. సున్నాతో భాగిస్తే 0వ వరుస. ఒక తప్పును సరిచేయబోతుండగా ఇంకో తప్పు ఎదురైతే 8వ వరుస. అదీ విఫలమైతే? సాధారణంగా కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.