దొరువు, తిప్ప, కాలనీ: ప్రళయకావేరి ఒడ్డున పేర్లు ఎవరివి?

నాయుడుపేటలో బస్సెక్కి సూళ్లూరుపేట వైపు పోతున్నప్పుడు ఊళ్ల పేర్లు కాస్త చెవి పెట్టి వినండి. నాయుడుపేట ఒక నాయుడిది. తర్వాత వచ్చే దొరవారిసత్రం దొరవారిది. తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న దుగరాజపట్నంలో ఒక రాజు ఉన్నాడు. 1626లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఆ రేవులో వర్తక స్థావరం పెట్టుకున్నప్పుడు, తమకు సాయం చేసిన ఆరుముగం ముదలియార్ పేరు మీద దాన్ని ఆర్మగాన్ అన్నారు. సముద్రం దాటి వచ్చినవాళ్ల కంటికి కూడా పెద్దమనిషే ఆనాడు. ఆ రేవులో పడవలు లాగినవాళ్లు ఆనలేదు.

ఈ ఊళ్ల నుంచి పక్కకు తిరిగితే బోర్డులు మారిపోతాయి. ఎస్సీ కాలనీ. అరుంధతివాడ. ఎస్టీ కాలనీ. గిరిజన కాలనీ. ఏ గిరిజన కాలనీ అని అడిగితే పక్కనున్న పెద్ద ఊరి పేరు తగిలించి చెప్పాలి. అంటే ఆ వాడకు కాగితాల్లో సొంత పేరు లేదు, ఏ ఊరికి వెలుపల ఉందో చెప్పే గుర్తు మాత్రమే ఉంది. అందులోనూ ‘గిరిజన’ అన్న మాట ఇక్కడ మరీ విడ్డూరం. పులికాట్ ఒడ్డున ఉన్నవి ఇసుక, పర్రభూమి, ఉప్పునీళ్లు. ఈ కాలనీల్లో ఉండే యానాదులు చేపలు, పీతలు, రొయ్యలు పట్టి బతికేవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. అంతమంది మైదానంలో, తీరంలో బతుకుతుంటే, ప్రభుత్వ పదకోశం మాత్రం వాళ్లందరినీ కొండెక్కించి కూర్చోబెట్టింది.

మేము ఈ ప్రాంతంలో చోట్ల పేర్లు సేకరించడం మొదలుపెట్టినప్పుడు ఒక యానాది అవ్వను అడిగిన మొదటి ప్రశ్న చాలా మామూలుది. “ఈ ఊరి పేరేంది అవ్వా?” ఆమె నవ్వింది. “ఎవురికి చెప్పే పేరు నాయనా? రేషన్ కార్డులో ఒకటుండాది, మేం పిలుచుకునేది ఇంకోటుండాది.” ఆ రోజు సాయంత్రం దాకా ఆమె వెనక నడిచాం. మాకు ఒకే పర్రగా కనబడిన నేల ఆమెకు పేర్లున్న డజనుకు పైగా ముక్కలు. వాటిలో ఒక్కటీ మా చేతిలో ఉన్న మ్యాపులో లేదు.

ఆ పేర్లలో పదే పదే వినబడే రెండు మాటలు చెప్పుకోవాలి. మొదటిది దొరువు. తీరపు ఇసుకలో లోతు లేకుండా తవ్వుకునే నీటి గుంట ఇది. వాననీళ్లు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరలా నిలుస్తాయి. తీపినీళ్లు తేలిక కనుక పైన ఉంటాయి. కొద్దిగా తవ్వితే తాగే నీళ్లు, ఆశపడి లోతుకు పోతే ఉప్పునీళ్లు. మోటారు పెట్టి లాగితే ఉప్పు పైకి ఎగదన్నుతుంది. దొరువు అన్న మాటలోనే ఈ లెక్కంతా ఉంది: ఇక్కడ నీళ్లున్నాయి, ఇంతే తవ్వు, ముంచుకుని తాగు. వాకాడు మండలంలో సముద్రం పులికాట్‌లోకి వచ్చే ముఖద్వారం దగ్గర ఊరి పేరు రాయదొరువు. ఆ పేరు విన్న కొత్త మనిషికి ఈ ఉప్పు మధ్య తీపినీళ్లకు ఆశ ఉందని తెలుస్తుంది.

రెండోది తిప్ప. చుట్టూ నీళ్లు పెరిగినా మునగని మిట్ట. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా పోయే రోడ్డులో అటకానితిప్ప వస్తుంది. ఫ్లెమింగోలు చూడ్డానికి వచ్చేవాళ్లకు అది ఫోటో తీసుకునే చోటు. తుపాను రాత్రి పిల్లల్ని ఎత్తుకుని ఎటు పరుగెత్తాలో తెలియాల్సిన మనిషికి ‘తిప్ప’ అన్న రెండక్షరాలు ప్రాణానికి సంబంధించినవి.

సరస్సు పేరు కూడా ఒక కథే. తమిళంలో పళవేర్కాడు. అది యూరపువాళ్ల నోట పలియకట్టా అయింది. 1613లో డచ్చివాళ్లు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు పులికాట్ అన్నారు. ఇప్పుడు తెలుగు పిల్లలు ఆ మాటలో పులిని వెతుక్కుంటారు. పులి లేదు. తెలుగువాళ్ల పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివిన వాళ్లకు ఆ దీవుల భాష, తిండి, నీళ్లు గుర్తుండే ఉంటాయి. నాయుడుపేట పక్కన పారే స్వర్ణముఖిదీ అదే తీరు. దానికి మొగలేరు అన్న పేరూ ఉంది. మొగలి పొదలు మనసులో మెదిలే పేరు పక్కకు పోయి, బంగారు ముఖం ముందుకొచ్చింది. ఇసుక లారీలు దాటిన ఏటికి ఆ ముఖం ఏపాటి మిగిలిందో వేరే సంగతి.

ఇలా జరగడం మన ఒక్క చోటే కాదు. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాల ఆండీస్ కొండల్లో లక్షలాది మంది క్వెచువా మాట్లాడతారు. ఆ భాషలో కోచ అంటే సరస్సు, ఒర్కో అంటే కొండ, యాన అంటే నలుపు, పూక అంటే ఎరుపు. యానాకోచ అంటే నల్లచెరువు, పూకాకోచ అంటే ఎర్రచెరువు. మన నల్లచెరువు, ఎర్రకొండ కట్టినట్టే కట్టిన మాటలు. (యాన అన్న మాట చూసి యానాదులతో చుట్టరికం కలపకండి. అది కేవలం శబ్దం కలవడం. ఇలాంటి పోలికల మీద పుస్తకాలే రాసేసిన పెద్దలు మన దగ్గర ఉన్నారు కనుక చెప్పాల్సి వస్తోంది.) ఆ కొండల్లో శిఖరాన్ని ‘అపు’ అంటారు, అంటే దొర. అక్కడ కొండే దొర. మన దగ్గర దొరకు సత్రం ఉంది.

స్పానిష్ పాలన మొదలై నాలుగు వందల ఏళ్లు దాటాక, 1975లో, పెరూ ప్రభుత్వం క్వెచువాను అధికార భాషగా గుర్తించింది. అప్పటికీ ఆ కొండల పేర్లు చాలావరకు బతికే ఉన్నాయి. పేరు బతికితే చాలా? కహమార్కా దగ్గర 1993లో మొదలైన పెద్ద బంగారు గని పేరు యానాకోచ. నల్లచెరువు గనిలో కలిసిపోయింది, దాని పేరు కంపెనీ బోర్డు మీద మిగిలింది. అదే కంపెనీ కొంగా అన్న చోట మరికొన్ని సరస్సుల మీదికి వచ్చినప్పుడు 2011, 2012లలో రైతులు, ఆదివాసులు రోడ్డెక్కారు. కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ప్రాజెక్టు ఆగింది.

శ్రీహరికోటలో జరిగింది దీనికి తిరగేసిన కథ. నేల అక్కడే ఉంది, పేర్లు పోయాయి. 1835లో కంపెనీ ప్రభుత్వం మద్రాసుకు వంటచెరకు కోసం ఆ దీవిని చేతిలోకి తీసుకుంది. అడవి సరుకు ఏరడానికి యానాదులే పనివాళ్లు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971లో మొదటి రాకెట్ లేచింది. 2002లో కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. ఆ శాస్త్రవేత్త గౌరవం మీద మాకు పేచీ లేదు. దీవిలో ఊళ్లు ఖాళీ అయినప్పుడు ఊళ్లతోపాటు దొరువులు, తిప్పలు, పాతిపెట్టిన చోట్లు, దేవర చెట్లు కూడా కంచె లోపల పడ్డాయి. అక్కడ పుట్టిన ముసలివాళ్లకు ఆ పేర్లు ఇంకా నోట ఉన్నాయి. మనవళ్లకు తెలిసినవి మొదటి ప్రయోగ వేదిక, రెండో ప్రయోగ వేదిక.

ఇదంతా జ్ఞాపకాల గొడవ అనుకునేవాళ్లు 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు ఒకసారి చదవాలి. ఆ చట్టం సామూహిక హక్కుల్లో నీటి వనరుల్లోని చేపల్ని కూడా చేర్చింది. అభయారణ్యాలకూ అది వర్తిస్తుంది. ఆంధ్ర వైపు పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం. హక్కు అడిగితే రుజువు కావాలి. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, పెద్దల వాంగ్మూలం, గెజిటీర్లు, పాత మ్యాపులు, ఇవన్నీ రుజువులే అని 13వ నియమం చెబుతోంది. సామూహిక వనరు హద్దులు తెలిసిన పెద్దలతో కలిసి గీయమనీ నియమాల్లోనే ఉంది. ఎస్టీలు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అక్కడ ఉంటే సరిపోతుంది. దళితులకు, తీరపు బెస్తవాళ్లకు మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏళ్లు చూపించమంటారు. పట్టా ఎన్నడూ ఇవ్వని మనిషిని 75 ఏళ్ల కాగితం అడిగితే, అతని దగ్గర ఉండేది ‘మా తాత తవ్విన దొరువు’ అన్న పేరే.

ఇలాంటి పేర్లను రాజ్యం సాక్ష్యంగా ఎన్నడూ ఒప్పుకోలేదా అంటే, శుభ్రంగా ఒప్పుకుంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో వేసిన మూడు సంపుటాల నెల్లూరు శాసనాలు తిరగేయండి. దాన శాసనాల్లో పొలానికి ఎల్లలు చెప్పేటప్పుడు చెట్టు, పుట్ట, గుంట, వాగు వరసగా వస్తాయి. గుడికి, బ్రాహ్మడికి ఇచ్చిన భూమికి చింతచెట్టు హద్దురాయి అయింది. యానాది చెప్పిన చింతచెట్టు మాత్రం తహసీల్దారు ఆఫీసులో కట్టుకథ అవుతోంది.

పేర్లు మార్చడం మీద కూడా ఇప్పుడు చర్చ నడుస్తోంది. 2024 జూన్‌లో కేరళ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ నివాసాలకు ‘కాలనీ’ అన్న మాట వాడొద్దంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా ప్రభుత్వ రికార్డుల నుంచి ఆ మాట తీసేస్తామని ప్రకటించింది. తడ దాటితే తమిళనాడే కదా, మన వైపూ ఆ పని జరగాలి. కానీ కేరళ ఉత్తర్వు ‘ఊరు’ అన్న మాటనూ వద్దంది, అది ఆదివాసులు తమ నివాసాలకు తామే వాడుకునే మాట. అవమానం తుడవబోయి సొంత పేరు తుడిచే ప్రమాదం ఇదే. కాలనీ పోయి ఏ మంత్రి పేరుతోనో నగర్ వస్తే ఒరిగేదేమీ లేదు. మనం పెట్టుకున్న పేరును ఊరు ఎలా చూస్తుందో 2022 మే 24న అమలాపురంలో చూశాం. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టినందుకు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు.

మేము సేకరించిన పేర్లు ఇక్కడ అచ్చు వేయడం లేదు. దొరువు ఎక్కడుందో మ్యాపులో పెడితే రొయ్యల గుంటలవాళ్లకూ అదే మ్యాపు దొరుకుతుంది. రాసుకోవడం వేరు, బయటపెట్టడం వేరు. ఇప్పటికి పేర్లు రెండు నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఒకటి మా దగ్గర, ఒకటి ఆ వాడలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి దగ్గర. హక్కుల దరఖాస్తుకు ఏవి జతచేయాలో, ఏవి వాడలోనే ఉంచుకోవాలో గ్రామసభ కూర్చుని చెప్పాలి. ఈలోగా అవ్వ మొన్న ఆ అమ్మాయిని వెంటేసుకుని ఉత్తరం వైపు పర్ర మీదికి వెళ్లింది. పదకొండు పేర్లు కొత్తగా చేరాయి. అందులో రెండు చోట్ల ఇప్పుడు నీళ్లు లేవు, పేరులో మాత్రం ఉన్నాయి.