వాన రాకముందే

వేసవి సెలవుల్లో హైదరాబాదు పోయాను. మా చిన్నాన్న హైటెక్ సిటీ పక్కన మాదాపూర్‌లో కూలి పని చేస్తాడు. గంట వానకే అద్దాల మేడల ముందు రోడ్డు వాగైపోయింది. చిన్నాన్న గదిలో బియ్యం తడిసిపోయాయి.

ఎందుకలా? మన ఊళ్లో వాన నీటిని నేల తాగుతుంది. అక్కడ నేలంతా సిమెంటు. చెరువులు, నాలాలు ఇరుకైపోయాయి.

మరి సర్కారు డబ్బు లేదా? ఉంది. 2020 అక్టోబరు వరదల తర్వాత నాలాలు బాగుచేయడానికి రాష్ట్రం సుమారు 985 కోట్ల పథకం పెట్టింది. 2021-26 సంవత్సరాలకు 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిని ఇలా పంచమంది. 100 రూపాయల్లో 40 సహాయానికి, 30 పోయినవి మళ్లీ కట్టుకోవడానికి, 10 ముందు జాగ్రత్తకు, 20 నివారణకు. అంటే 70 రూపాయలు నష్టం జరిగాకే! హైదరాబాదు వరద నివారణకు వేరుగా 250 కోట్లు సిఫారసు చేసింది.

మా అమ్మ మృగశిర కార్తె రాకముందే ఇంటి కప్పు బాగుచేయిస్తుంది. తడిసిన బియ్యం మళ్లీ కొనడం కంటే అదే చవక. నగరానికైనా అదే లెక్క కదా!

మన హాస్టల్ వెనక కాలువ నిండా ఆకులు, చెత్త ఉన్నాయి. వార్డెన్ సారు సరేనంటే ఈ ఆదివారమే తీసేద్దాం. దీనికి కోట్లు అక్కర్లేదు, నాలుగు పారలు చాలు.

- 9వ తరగతి విద్యార్థి