ఊరి పశువుకు సూది – అడవి జింకకు రక్ష

ఆర్మూర్ అంటే పసుపు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పసుపు పండిస్తారు. పసుపు చేనుకు పెంట ఎరువు బాగా కావాలి. పెంట కావాలంటే కొట్టంలో గొడ్లుండాలి. బర్రె పాలు అమ్మితే ఇంటి ఖర్చులు వెళ్తాయి. నాలుగు మేకలుంటే ఆపదకు అక్కరకొస్తాయి. ఈ పశువులకు కుడితి పెట్టేది, పెండ తీసేది, పాలు పిండేది ఎక్కువగా ఆడవాళ్ళే. పశువు మేత మానేస్తే ముందుగా తెలిసేదీ వాళ్ళకే.

ఆర్మూర్‌కు ఉత్తరాన గోదావరి ఉంది. పోచంపాడు దగ్గర నదికి అడ్డంగా శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కట్టారు. ఎండాకాలం ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి పోతాయి. నీళ్ళు తీసిన నేల మీద పచ్చగడ్డి మొలుస్తుంది. ఆ మేతకు గొర్రెల మందలు వస్తాయి, బర్రెలు వస్తాయి. కృష్ణజింకలూ వస్తాయి. గోదావరి దాటితే నిర్మల్ అడవులు. ఇంకా ముందుకు పోతే కవ్వాల్ పులుల అడవి. అక్కడ దుప్పులు, మనుబోతులు, అడవిదున్నలు ఉన్నాయి.

ఇవన్నీ గిట్టల జంతువులు. మన ఆవు, బర్రె, మేక, గొర్రె లాగానే ఇవి కూడా నెమరు వేస్తాయి. ఒక విధంగా చుట్టాలే. అందుకే ఆవుకు, మేకకు వచ్చే కొన్ని రోగాలు జింకకూ వస్తాయి.

"జింకలు పంట తింటాయి, పైగా పశువులకు రోగాలు తెస్తాయి" అని కొందరు అంటారు. జింకలు పంట తినే మాట నిజమే. మరి రోగం మాట? అడవి నుంచి ఊరికి వస్తుందా? ఊరి నుంచి అడవికి పోతుందా? ఈ ప్రశ్నకు ఒక శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి తిరిగి జవాబు తెలుసుకున్నాడు.

పెద్దరోగం

పాతకాలంలో పశువులకు పెద్దరోగం వచ్చేది. డాక్టర్లు దాన్ని రిండర్‌పెస్ట్ అంటారు. రోగం తగిలిన పశువుకు జ్వరం కాసేది. కళ్ళు, ముక్కు కారేవి. నోరంతా పుండ్లు పడేవి. ఆ తర్వాత కంపు కొట్టే పారుడు. చాలా పశువులు వారం పది రోజుల్లోనే చచ్చిపోయేవి. కొట్టాలకు కొట్టాలు ఖాళీ అయ్యేవి. దున్నడానికి ఎద్దు దొరికేది కాదు.

ఈ రోగానికి కారణం కంటికి కనిపించని వైరస్. 1880ల చివర్లో ఇది ఆఫ్రికా ఖండంలో పాకింది. పశువులు లక్షల్లో పోయాయి. ఇథియోపియా దేశంలో దున్నే ఎడ్లు లేక పెద్ద కరువు వచ్చింది. జనం ఆకలితో చచ్చిపోయారు. అడవిలోని దున్నలు, జింకలు కూడా గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి.

మన దేశంలోనూ అట్లాగే జరిగింది. నీలగిరి కొండల పక్కన ముదుమలై, బందీపూర్ అడవులున్నాయి. 1968లో ఆ అడవుల్లో పెద్దరోగం సోకి ఎన్నో అడవిదున్నలు చచ్చిపోయాయి.

జంతువులను లెక్కపెట్టిన శాస్త్రవేత్త

ఆఫ్రికాలో టాంజానియా అనే దేశం ఉంది. అక్కడ సెరెంగెటి అనే పెద్ద గడ్డి మైదానం ఉంది. విల్డెబీస్ట్ అనే జంతువులు అక్కడ మందలుగా తిరుగుతాయి. వాటికి ఆవు లాంటి తల, గుర్రం లాంటి తోక ఉంటాయి. టోనీ సింక్లెయిర్ అనే శాస్త్రవేత్త 1960లలో అక్కడికి వెళ్ళాడు. విమానంలో తిరిగి మందలను లెక్కపెట్టిన వాళ్ళలో ఆయన ఒకడు.

1961లో విల్డెబీస్ట్‌లు సుమారు రెండున్నర లక్షలు. 1977కు వచ్చేసరికి అవి సుమారు 13 లక్షలు! ఎందుకు ఇంతగా పెరిగాయి?

శాస్త్రవేత్తలు జంతువుల రక్తం పరీక్ష చేశారు. ఒకసారి రోగం వచ్చి బతికిన జంతువు రక్తంలో ఆ రోగం గుర్తు ఉండిపోతుంది. సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పినట్టే, ఈ జంతువులకూ పళ్ళను బట్టి వయసు కట్టవచ్చు. రక్తాన్ని, వయసును కలిపి చూస్తే సంగతి తేలింది. 1963కు ముందు పుట్టిన విల్డెబీస్ట్‌ల రక్తంలో పెద్దరోగం గుర్తు ఉంది. ఆ తర్వాత పుట్టిన వాటిలో లేదు. అంటే ఆ ఏడాదితో వాటిలో రోగం ఆగిపోయింది. అంతకుముందు ఏడాది నిండని దూడలు రోగంతో పోయేవి. ఇప్పుడు అవి బతికాయి. మంద పెరిగింది.

మరి రోగం ఎట్లా ఆగింది? అడవి జంతువులకు ఎవరూ సూది వేయలేదు. లక్షల జంతువులను పట్టుకుని సూది వేయడం అయ్యే పనీ కాదు. సూది వేసింది అడవి చుట్టూ ఉన్న ఊళ్ళ పశువులకు. ఆవులలో రోగం తగ్గింది. ఆవులలో తగ్గగానే అడవిలోనూ ఆగిపోయింది.

దీంతో అసలు సంగతి బయటపడింది. అంతకుముందు చాలామంది రోగం అడవిలోనే దాగి ఉందనుకునేవాళ్ళు. తప్పు జింకదనుకునేవాళ్ళు. నిజానికి రోగం నిలిచి ఉన్నది ఊరి మందలో. అక్కడి నుంచే అది అడవికి పోయేది.

ఈ మేలు అక్కడితో ఆగలేదు. విల్డెబీస్ట్‌లు పెరిగి గడ్డి మేశాయి. ఎండుగడ్డి మిగలక కార్చిచ్చులు తగ్గాయి. కార్చిచ్చులు తగ్గి చెట్లు పెరిగాయి. సింహాలకు తిండి దొరికింది.

పెద్దరోగం పోయింది

మన దేశంలో పెద్దరోగం మీద పోరాటం 1954లో పెద్ద ఎత్తున మొదలైంది. టీకాలు వేసేవాళ్ళు ఊరూరా తిరిగారు. 1995 తర్వాత మన దేశంలో ఒక్క పశువుకు కూడా ఈ రోగం రాలేదు. 2011లో ప్రపంచంలోనే ఈ రోగం లేదని ప్రకటించారు. మనుషుల్లో మశూచి పోయినట్టే, పశువుల్లో పెద్దరోగం పోయింది.

ఇంకా పోని రోగాలు

గాలికుంటు ఇంకా ఉంది. నోట్లో, గిట్టల సందుల్లో పుండ్లు పడతాయి. సొల్లు కారుతుంది. పాలు పడిపోతాయి. ఈ రోగం దుప్పులకు, అడవిదున్నలకు కూడా వస్తుంది.

మేకలకు, గొర్రెలకు పారుడు రోగం వస్తుంది. డాక్టర్లు దీన్ని పీపీఆర్ అంటారు. దీని వైరస్ పెద్దరోగం వైరస్‌కు దగ్గరి చుట్టం. 2016 చివర్లో మంగోలియా దేశంలో ఈ రోగం ఊరి జీవాల నుంచి సైగా అనే అడవి జింకలకు పాకింది. కొద్ది నెలల్లోనే వేల జింకలు చచ్చిపోయాయి. 2030 నాటికి ఈ రోగాన్ని కూడా ప్రపంచంలో లేకుండా చేయాలని దేశాలన్నీ పని పెట్టుకున్నాయి.

అయితే ప్రతి రోగమూ ఊరి పశువు నుంచే పోదు. 2015లో కజకిస్తాన్ దేశంలో మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా సైగా జింకలు చచ్చిపోయాయి. మన బర్రెలకు గొంతువాపు తెచ్చే జాతి సూక్ష్మజీవే దానికి కారణం. అది ముందు నుంచీ ఆ జింకల ఒంట్లోనే ఉంది. ఉక్క, తేమ పెరిగేసరికి విజృంభించింది. మన దగ్గర గొంతువాపు వానాకాలంలో ఎక్కువగా వస్తుంది. అందుకే వానలకు ముందే సూది వేయిస్తారు.

సూది వేస్తే పాలు తగ్గుతాయా?

గాలికుంటు సూది అంటే చాలా ఇళ్ళలో వెనకాడతారు. "సూది వేస్తే బర్రె పాలు తగ్గుతాయి" అంటారు. నిజమే, ఒకటి రెండు రోజులు కొంచెం తగ్గవచ్చు. సూది వేసిన చోట వాపు రావచ్చు. తర్వాత సర్దుకుంటుంది. కానీ గాలికుంటు వస్తే పాలు వారాల తరబడి పడిపోతాయి. బర్రె మళ్ళీ మునుపటిలా పాలివ్వకపోవచ్చు. దూడ చచ్చిపోవచ్చు. రెండు రోజుల పాలు ఎక్కువా, బర్రె ఎక్కువా?

మన ఇళ్ళలో పసుపుకు కొదవ లేదు. పుండుకు పసుపు రాయడం పాత అలవాటు. పుండుకు రాస్తే రాయవచ్చు. కానీ పసుపు వైరస్‌ను ఆపదు. రోగం రాకుండా ఆపేది సూదే.

ఇవి గుర్తుంచుకోండి

గాలికుంటు సూది ఏడాదికి రెండుసార్లు వేయించాలి. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం కింద దీన్ని ఉచితంగా వేస్తారు. దూడకు నాలుగు నెలలు నిండితే దానికీ వేయించాలి. పశువు చూడితో ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

మేకలకు, గొర్రెలకు పారుడు రోగం టీకా వేయించాలి. కొత్తగా కొన్న జీవాన్ని వెంటనే మందలో కలపకూడదు. రెండు మూడు వారాలు వేరుగా కట్టేయాలి.

జబ్బు చేసిన పశువును మేతకు తోలకూడదు. చెరువు దగ్గరికి, జింకలు నీళ్ళు తాగే చోటికి పోనివ్వకూడదు.

చచ్చిన పశువును వాగులో, అడవి అంచున పడేయకూడదు. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పాతిపెట్టాలి.

చచ్చిన జింక కనిపిస్తే ముట్టుకోకూడదు. దాని మాంసం తినకూడదు. అటవీశాఖ వాళ్ళకు చెప్పాలి. జింకను వేటాడటం 1972 నాటి చట్టం ప్రకారం నేరం.

అడవిలోని జింకకు కొట్టం లేదు. కుడితి పెట్టేవాళ్ళు లేరు. డాక్టరు లేడు. కొట్టంలో బర్రెకు వేయించే సూదే దానికీ రక్ష.

చదివి మాట్లాడుకోండి

1. విల్డెబీస్ట్‌లకు ఎవరూ సూది వేయలేదు. అయినా వాటిలో రోగం ఎట్లా ఆగింది?
2. మీ ఊళ్ళో గాలికుంటు సూది ఎప్పుడు వేశారు? ఏ ఇళ్ళలో వేయించలేదు? ఎందుకు?
3. మీ ఊళ్ళో చచ్చిన పశువులను ఎక్కడ వేస్తున్నారు? పాతిపెట్టడానికి మంచి చోటు ఏది?